గడ్డి బండికి నేను పట్టిన మట్టం

కొత్తగూడెంలో పాత సామాన్లు అమ్మే గోదాంలో మొదటిసారి చూసినప్పుడు అది ట్రాక్టరు పిల్ల అనుకున్నాను. పెద్ద ట్రాక్టరుకు ఉండాల్సినవన్నీ ఉన్నాయి. స్టీరింగు, సీటు, ముందు చిన్న చక్రాలు, వెనక పెద్ద చక్రాలు. కాకపోతే అన్నీ నా నడుము ఎత్తుకు ముందే ఆగిపోయాయి. పొట్ట కింద బోర్లించిన పెద్ద మూకుడులాంటిది వేలాడుతోంది. దాన్ని డెక్కు అంటారనీ, దాని లోపల రెండు కత్తులు తిరుగుతాయనీ, సీటు మీద కూర్చుని తోటంతా తిరిగితే గడ్డి సమంగా తెగుతూ పోతుందనీ గోదాం ఆయన చెప్పాడు. ఏదో అతిథి గృహంలో పచ్చిక కోయడానికి ఎప్పుడో తెప్పించారట. వయసులో నాకంటే చిన్నది, నడకలో నాకంటే నయం. కొనేశాను.

వేంసూరు దగ్గర మాకో మామిడి తోట ఉంది. కాలువల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాక అక్కడే ఇల్లు కట్టుకున్నాం. కాయ కోత అయిపోయి వానలు మొదలయ్యాయంటే చెట్ల మధ్య గడ్డి మోకాలి దాకా లేస్తుంది. అందులో అడవి పందులు పట్టపగలే వచ్చి పడుకుంటాయి. రక్తపింజరి ఉందేమోనని కర్రతో నేల తట్టుకుంటూ నడవాలి. దున్నిద్దామంటే పైపైన పాకే మామిడి వేర్లు తెగుతాయి. కోయిద్దామంటే మనుషులు దొరకరు. అందుకని ఈ బండి. ట్రాలీ ఆటోలోంచి దాన్ని దించుతుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి తాపీగా చూసింది.

"ఒక ఆవును కొనుంటే ఇదే గడ్డి తిని పాలిచ్చేది కదండీ. ఇది పెట్రోలు తాగి గడ్డి ఉమ్ముతుంది."

ఆవుకు నాలుగు డెక్కలు, దీనికి ఒకటే డెక్కు, మేపడం తేలిక అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఇంట్లో నా మాటలకు చాలాకాలంగా గిరాకీ లేదు.

మర్నాడు తోటలో నడిపి చూస్తే తెలిసింది, బండి నడక బాగుంది కానీ కోత బాగాలేదని. ఎడమ వైపు మట్టి కనబడేదాకా గీకేస్తోంది, కుడి వైపు నాలుగు వేళ్ల ఎత్తు వదిలేస్తోంది. చెట్ల మధ్య రెండు బారులు కోసి దిగి చూసుకుంటే, క్షవరం సగంలో ఉండగా కరెంటు పోయిన మనిషి తలలా ఉంది తోట. ఈ బండి గురించి వారం రోజులుగా నేను కోసిన కోతలు ఊళ్లో అందరికీ తెలుసు. అది కోసిన కోత ఎవరి కంటా పడకముందే బాగుచేయించాలి.

అలా చాచా దగ్గరికి వెళ్లాను.

సత్తుపల్లిలో చాచా షెడ్డు తెలియని రైతు లేడు. ఆయన పుట్టింది కొత్తగూడెంలో. తండ్రి నాటి నుంచీ మరమ్మతుల పనే. పంపుసెట్లు, మందు కొట్టే మిషన్లు, పిండి గిర్నీలు, ఏది పాడైనా ఆయన చెయ్యి పడాల్సిందే. కాలువ పనుల మీద తిరిగిన రోజుల్లో నా డీజిలు ఇంజన్లన్నీ ఆయనే చూసేవాడు. నేను వెళ్లేసరికి షెడ్డు షటరు వేసి ఉంది. పక్కనే ఇల్లు. చాచా నల్లద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చుని, చేతిలో ఏ పనీ లేక తన సొంత జపమాల, తస్బీని విప్పి పూసలు మళ్లీ గుచ్చుకుంటున్నాడు. మూడు నెలల కింద కుడి కంట్లో పొర తీసి లెన్సు వేశారట. ఎడమ కన్ను అంతకు ముందే సగం మసక. డాక్టరు పని చేసుకోవచ్చన్నాడు కానీ ఇంట్లోవాళ్లే వద్దంటున్నారు.

ఇంట్లోవాళ్లంటే ముఖ్యంగా కూతురు. అదే వీధిలో కాపురం, చుక్కల మందు వేళకు వెయ్యడం, స్కూటీ మీద తండ్రిని తిప్పడం అన్నీ ఆవిడే. మాట్లాడుతుండగా లోపలి నుంచి "అబ్బా!" అని వినబడితే ఎవరికో దెబ్బ తగిలిందని లేచాను. తండ్రిని పిలిచిందట. తర్వాత నాలుగు రోజులూ ఆ పిలుపు వినబడిన ప్రతిసారీ నేను ఉలిక్కిపడుతూనే ఉన్నాను.

ఆవిడ భయం న్యాయమైనదే. కన్ను సరిగా ఆనకుండా తిరిగే బెల్టు పక్కన చెయ్యి పెడితే ఏమవుతుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. చాచా తమ్ముడికి రెండు వేళ్లు లేవు. షెడ్డును సెల్‌ఫోన్ల దుకాణానికి కిరాయికి అడుగుతున్నారు, ఇచ్చేద్దామని ఆవిడ. చాచా చాలాసేపు పూసలు గుచ్చుతూనే ఉన్నాడు. తర్వాత నా బండి సంగతి అడిగాడు. ఎంత పాతది, ఎన్ని కత్తులు, ఎటు వంగింది. అడిగి కూతురి వైపు తిరిగాడు.

"బేటీ, ఈ ఒక్క బండి చేస్త. ఇది సక్కగ కోసిందంటే నా కన్ను పనికొస్తదన్నట్టు, షటర్ లేపుత. కొయ్యకపోతే నువ్వు చెప్పినట్టే. పానాలు తెచ్చి నీ చేతుల పెడ్త."

పానాలంటే ఆయన భాషలో స్పానర్లు. అక్కడి మాటలో పానమంటే ప్రాణం కూడా. రెండింటిలో ఏది అప్పగిస్తానన్నాడో అప్పుడు నాకు అర్థం కాలేదు. నా గడ్డికీ ఆయన బతుక్కీ ఇలా ముడిపడటం మాత్రం నాకు కొంచెం ఇబ్బందిగానే అనిపించింది. కూతురు సరే అంది.

మా ఇంటి ముందు గచ్చు తప్ప బండి పెట్టి పని చేయడానికి గట్టి నేల లేదు. అది మామూలు గచ్చు కాదు. ఇల్లు కట్టినప్పుడు నేనే దగ్గరుండి, మేస్త్రీతో రెండు రోజులు పోట్లాడి పోయించింది. ఎంత వాన కురిసినా దాని మీద చుక్క నీరు నిలవదని వచ్చిన చుట్టాలందరికీ చెప్పుకునేవాణ్ని. ఆ గచ్చు మీదికి బండిని వెనక్కు తోసి, ముక్కు తూర్పున గేటు వైపుకు పెట్టి నిలిపాం.

చాచా పని చూడటం నాకు ఎప్పుడూ ఇష్టమే. మొదట నాలుగు చక్రాల గాలి చూశాడు. ఎడమ వెనక చక్రంలో తక్కువుంటే పంపుతో కొట్టించాడు. చక్రాలు ఒక్క తీరుగా లేకపోతే డెక్కును ఎంత తిప్పినా వృథా అన్నాడు. ఇంజను పొరపాటున కూడా తిరగకుండా ప్లగ్గు తీగ ఊడదీశాడు. చేతికి గోనె ముక్క చుట్టుకుని, కత్తులను అడ్డంగా, ఒక కొస ఎడమకు ఒక కొస కుడికి ఉండేలా తిప్పాడు. ఆ తర్వాత సంచిలోంచి అరిగిపోయి నున్నబడ్డ టేకు చెక్క ముక్క ఒకటి తీశాడు. దాన్ని నేల మీద పెట్టి కుడి కత్తి కొస కిందికి తోస్తే దూరింది. ఎడమ కొస కింద దూరలేదు. డెక్కు నాలుగు కడ్డీల మీద వేలాడుతుందనీ, ఎడమ కడ్డీ ఒకటి వంగిందనీ నాకు చూపించాడు. కడ్డీని సుత్తితో సాపుచేసి, దాని నట్టు తిప్పుతూ, చెక్క దూరుస్తూ, మళ్లీ తిప్పుతూ అరగంట కూర్చున్నాడు.

చివరికి చెక్క రెండు వైపులా ఒకే తీరుగా రాసుకుంటూ దూరింది. ఆ తర్వాత కత్తిని ముందుకూ వెనక్కూ తిప్పి, ముందు కొస పెన్సిల్ మందం కిందికి ఉండేలా ఇంకో నట్టు బిగించాడు. అట్లా ముందుకు కొద్దిగా వంగి ఉంటేనే గడ్డి ఒక్కసారికే తెగుతుందట. లేచి నడుము పట్టుకుని, అయిపోయింది, ప్లగ్గు తీగ పెట్టి నడిపించుకోండి అన్నాడు.

నేను అప్పుడే నడిపించి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

కానీ నేను ముప్పై ఏళ్లు కాలువల మీద మట్టాలు చూసినవాణ్ని. కిలోమీటరుకు జానెడు వాలు తప్పితే పట్టుకున్నవాణ్ని. చెక్క ముక్కను నమ్మి ఊరుకోవడం నా ఉద్యోగ ధర్మానికి కుదరలేదు. అటక మీంచి నా పాత నీళ్ల పైపు తీశాను. మేస్త్రీలు వాడే సన్నటి గొట్టమే. లోపల నీళ్లు నింపి రెండు కొసలూ రెండు చోట్ల పట్టుకుంటే, రెండు చోట్లా నీళ్లు ఒకే ఎత్తులో నిలుస్తాయి. దాన్ని బట్టి ఏది ఎత్తో ఏది పల్లమో తేలిపోతుంది. గాజులో బుడగ చూసుకునే రసమట్టంలో అయినా పొరపాటు ఉండొచ్చు గాని నీళ్ల పైపులో ఉండదని సర్వీసంతా చెప్పుకొచ్చాను. రసమట్టం బల్ల మీద పెట్టుకునేదే గాని అన్నంలో పోసుకునేది కాదని కుర్ర ఇంజనీర్లతో హాస్యాలాడుతూ మరీ.

మా ఆవిడను ఒక కొస పట్టుకోమన్నాను. పొయ్యి మీద పప్పు ఉందంటూనే పట్టుకుంది. చూస్తే ఎడమ కత్తి కొస, కుడి దానికంటే బొటనవేలి మందం కిందికి ఉంది. చాచాను పిలిచి చూపించాను. ఆయన వంగి చూశాడు, మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. చెక్క తీసి మళ్లీ రెండు వైపులా దూర్చాడు.

"సాబ్, చెక్క ఒక్క తీరుగ రాస్తున్నది. నా కంటికైతే సక్కగనే కనబడ్తున్నది."

"కొత్త కన్ను కదా చాచా," అన్నాను నేను. "కొంచెం అలవాటు పడాలి."

ఈ ఒక్క మాట నేను వెనక్కు తీసుకోగలిగితే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. అప్పుడు మాత్రం చాలా నెమ్మదిగా, ఊరడింపుగా అన్నానని సంతోషించాను. చాచా నల్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. ఆపరేషనయ్యాక తెల్లసున్నం కూడా నీలంగా కనబడుతోందని అంతకు ముందే చెప్పాడు. కాసేపు నా పైపు వైపు, కాసేపు తన చెక్క వైపు చూసి, పానా తీసుకుని ఎడమ నట్టు తిప్పాడు. నీళ్లు రెండు వైపులా సమానమని నేను చెప్పేదాకా తిప్పాడు.

బండిని తోటలోకి తీసుకెళ్లి ఒక బారు కోశాను. ఈసారి కుడి వైపు మట్టి లేచింది. ఎడమ వైపు గడ్డి నిక్కి నిలబడింది. ఎడమ జబ్బు కుడికి మారిందన్నమాట. ఎన్నికల్లో నిలబడ్డ మనిషి కూడా అంత సులువుగా వైపు మారడు.

మళ్లీ గచ్చు మీదికి తెచ్చాం. వెనక్కు తోసి, అదే చోట, ముక్కు గేటు వైపుకు. మళ్లీ పైపు పట్టాం. నీళ్లు వెంట్రుకవాసి తేడా లేకుండా సమంగా నిలిచాయి. గచ్చు మీద సమం, గడ్డి మీద వంకర. చాచా ముఖంలో అయోమయం చూసి, నా ముఖంలోది దాచుకోవడానికి నేను తల గోక్కున్నాను. ఆయన కూతురు వచ్చి స్కూటీ మీద కూర్చునే ఎట్లయ్యిందని అడిగింది. రేపు చెప్తానన్నాడు చాచా. ఆ రేపు అన్న మాట ఆవిడకు నచ్చలేదని హెల్మెట్ లోంచి కూడా తెలిసింది.

రెండో రోజు కారణాల వేట. కత్తి వంగిందేమోనని చాచా రెండు కత్తులూ విప్పి గచ్చు మీద పక్కపక్కన పెట్టి చూశాడు. వంగలేదు. అటుది ఇటు, ఇటుది అటు మార్చి బిగించాడు. మార్పు లేదు. కత్తులు తిరిగే ఇరుసుల్లో వదులు ఉందేమోనని పట్టుకుని ఊపాడు. లేదు. నేను మాత్రం ఊరుకోకుండా, సీటు మీద మనిషి కూర్చుంటే బరువుకు డెక్కు ఒక పక్కకు దిగుతుందేమోనన్నాను. దానికి మా ఆవిడ గుమ్మంలోంచే, మీ బరువంతా ఎటు ఒరుగుతుందో ఇంట్లో మంచాన్ని అడిగితే చెబుతుంది అంది. అయినా నా బరువుకు సరిపడా బియ్యం బస్తాలు తెచ్చి సీటు మీద పెట్టి పైపు పట్టాం. సమం. బస్తాలు దించి నేను కూర్చున్నాను. సమం. తోటలోకి వెళితే మళ్లీ కుడి వైపు మట్టి.

ఆ రోజంతా చాచా బండి చుట్టూనే తిరిగాడు. మధ్యలో ఒకసారి ఆగి, బండి ఎందుకో చెవి అటు పెట్టి వింటున్నట్టు నిలబడ్డట్టుంది సాబ్ అన్నాడు. నేను నవ్వి, మన మాటలే వింటోందేమో అన్నాను. ఆయన కూడా నవ్వాడు. తర్వాత నల్లద్దాలు పైకి తోసుకుని, ఎడమ కన్ను మూసి కుడి కంటితో బండిని చూశాడు. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూశాడు. పరీక్ష పెట్టింది బండికి కాదు, కంటికి. నేను అదీ చూశాను, చూసి మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లాను.

మూడో రోజు శుక్రవారం, మధ్యాహ్నం నమాజు అయ్యాక వచ్చాడు. అప్పటికే నేను పొద్దున్నే ఇంకో బారు కోసి, అదే వంకర చూసి, విసుగుతో బండిని తిన్నగా లోపలికి నడిపి ఇంటి వైపు ముక్కు పెట్టి వదిలేశాను. వెనక్కు తోసే ఓపిక లేకపోయింది. చాచా రాగానే అలవాటుగా పైపు పట్టాం. ఒక కొస నేను, ఒక కొస మా ఆవిడ.

ఎడమ కత్తి, కుడి దానికంటే రెండు బొటనవేళ్ల ఎత్తు పైకి ఉంది.

నిన్న సాయంత్రం వెంట్రుకవాసి తేడా లేదు. మధ్యలో నట్టును ఎవరూ ముట్టుకోలేదు. నేను పైపు దులిపి, గాలి బుడగ ఉందేమో చూసి, మళ్లీ పట్టాను. రెండు వేళ్లు. మా ఆవిడా నేనూ చోట్లు మార్చుకున్నాం. రెండు వేళ్లు. బండికి నిజంగానే ఏదో పట్టిందేమో, అతిథి గృహంలో ఎవరైనా పోయారేమో అని కూడా అనుకున్నాను. కాలువల శాఖలో అలాంటి ఆలోచనలకు చోటు లేదు గాని నేను రిటైరయ్యాను కదా.

చాచా నేల మీద కూర్చున్నాడు. పానా పక్కన పెట్టాడు.

"నేనే ఎటు తిప్పిన్నో ఏమో సాబ్. పైకనుకోని కిందికి తిప్పిన్నేమో. నాకేం సమజైతలేదు."

నువ్వు తిప్పలేదు చాచా అన్నాను. కానీ గట్టిగా అనలేదు. ఎందుకంటే నా లోపల కూడా, ఏమో, తిప్పాడేమో అని ఒక మూల ఉంది. ముప్పై ఏళ్లుగా తప్పని నీళ్ల పైపు ఒక వైపు, మూడు నెలల కన్ను ఒక వైపు. నేను ఎవరి పక్షమో ఆయనకు నా గొంతులోనే తెలిసి ఉంటుంది.

ఆయన పానాలు ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. టేకు చెక్క కూడా. కూతురికి ఫోను చేసి రమ్మన్నాడు. ఆవిడ వచ్చేదాకా మేమిద్దరం గచ్చు అంచున కూర్చుని మామిడి చెట్లకేసి చూస్తూ ఉన్నాం. వస్తున్న స్కూటీ చప్పుడు విని ఆయన లేచాడు. గేటు దగ్గర సంచీ ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని పట్టుకున్న తీరులో గెలిచానన్న సంతోషం ఏమీ లేదు. సంచి బరువు ఎక్కువైనట్టు రెండు చేతులతో పట్టుకుంది.

"ఆ ఫోన్ల దుకాణపోళ్లకు చెప్పు బేటీ," అన్నాడు. "వచ్చే నెల నుంచి ఇస్తమని."

నాకేం చేయాలో తెలియలేదు. తెలియనప్పుడు మనిషి చేతిలో ఉన్నదేదో సర్దుతాడు. నా చేతిలో పైపు ఉంది. దాన్ని చుట్టబెట్టి అటక మీద పెట్టేద్దామని, లోపలి నీళ్లు బండి పక్కన, ఇంటి కుడి వైపు గచ్చు మీద వంచేశాను.

నీళ్లు ఒక్క క్షణం కూడా ఆగలేదు. బండి ఎడమ చక్రం పక్క నుంచి లోపలికి దూరి, డెక్కు కింద నుంచి తిన్నగా పాకి, కుడి చక్రం పక్కన బయటికొచ్చి, అక్కడి నుంచి గేటు పక్క మూల దాకా గబగబా పోయాయి. ఆ మూల ఈశాన్యం. అక్కడికే పోతాయి. అక్కడికే పోవాలని మేస్త్రీతో రెండు రోజులు పోట్లాడింది నేనే. వాన నీరు ఈశాన్యానికి పారాలి, వాస్తు అదే అని. గజానికి అరంగుళం వాలు చాలు సార్ అని అతను మొత్తుకుంటే, అంగుళం ఉండాల్సిందేనని పట్టుబట్టింది నేనే. అతను పోసిన గచ్చుకు మట్టం పట్టి, సరిగ్గా అంగుళం వాలిందని సంతోషించిందీ నేనే. ఇదే పైపుతో.

పైపు తప్పు చెప్పలేదు. వాలిన గచ్చు మీద బండి కూడా వాలి నిలబడుతుంది. చాచా చెక్క పెట్టింది గచ్చు మీద, కాబట్టి చక్రాలు నిలబడ్డ నేలకు డెక్కు ఎంత ఎత్తులో ఉందో అది సరిగ్గా చెప్పింది. నేను మాత్రం ఒరిగి నిలబడ్డ బండికి ఆకాశంతో మట్టం పట్టి, సరిగా ఉన్నదాన్ని తిప్పించి పాడుచేయించాను. ఇవాళ బండిని మొహం తిప్పి పెట్టేసరికి, నట్టుతో నేను ఎత్తించిన ఒక వేలుకు గచ్చు వాలు ఇంకో వేలు కలిసి రెండు వేళ్లయింది. వాస్తు పట్టుకుని వాస్తవం వదిలేసిన మనిషిని మా ఇంట్లోనే, నా చెప్పుల్లోనే చూశాను.

అప్పటికి స్కూటీ మలుపు దాకా వెళ్లింది. పరిగెత్తాను. నేను పరిగెత్తడం మా వీధి చూసి చాలా ఏళ్లయింది, కుక్కలు కూడా మొరగడం మరిచిపోయాయి. కేకలు విని ఆవిడ ఆపింది. ఆయాసంతో ముందు గచ్చు అన్నాను, తర్వాత వాలు అన్నాను, తర్వాత చెక్క అన్నాను. ముగ్గురికీ ఏమీ అర్థం కాలేదు. చివరికి ఊపిరి తీసుకుని చెప్పాను.

"చాచా, నువ్వు మొదటి రోజే సరిగ్గా పెట్టావు. నేనే పాడుచేయించాను. నీ కంటికేం కాలేదు."

ఆయన దిగలేదు. స్కూటీ మీదే కూర్చుని మొత్తం చెప్పించుకున్నాడు. వాలు ఎటు, ఎంత, ఎవరు పోయించారు. అంతా విన్నాక, మొదటి దినం చెక్క పెట్టినప్పుడు ఏం చెప్పిన్నో మళ్లొకసారి చెప్పుమన్నాడు. చెక్క ఒకే తీరుగా రాస్తోందన్నావు, నీ కంటికి చక్కగానే ఉందన్నావు అని చెప్పాను. దానికి నేనేమన్నానో కూడా చెప్పమన్నాడు. కూతురి ముందు, రోడ్డు మీద, అది కూడా చెప్పాను. కొత్త కన్ను కదా, అలవాటు పడాలి అన్నానని.

కూతురు నా వైపు చూసిన చూపు గురించి రాయను. చాచా మాత్రం నెమ్మదిగా దిగి, ఆవిడ చేతిలోంచి సంచీ తీసుకున్నాడు.

గచ్చు మీదికి వచ్చాక పైపు ఎక్కడుందో అడిగాడు. ఇచ్చాను. దాన్ని చుట్టలు చుట్టి మా ఆవిడ చేతికిచ్చి, మొక్కలకు నీళ్లు పెట్టుకో అమ్మా, మస్తుగ పనికొస్తది అన్నాడు. ఆవిడ మూడు రోజుల తర్వాత మొదటిసారి హాయిగా నవ్వింది. ఇక నన్ను దూరంగా కూర్చోమన్నాడు. ప్లగ్గు తీగ ఊడదీసి, గోనె చుట్టుకుని, కత్తి అడ్డంగా తిప్పి, చెక్క దూర్చి, నట్టు తిప్పి, మళ్లీ దూర్చి... ఈసారి పావుగంట కూడా పట్టలేదు. కూతురు పక్కన నిలబడి చూస్తూ ఉంది. ఒకసారి మందు వేళయిందని గుర్తుచేసింది. ఆగమన్నాడు. ఆగింది.

బండి నన్నే నడపమన్నాడు. తోటలో రెండు వరసల మధ్య నుంచి చివరిదాకా వెళ్లి తిరిగి వస్తుంటే, చాచా బారు మొదట్లో గొంతుక్కూర్చుని, ఎడమ కన్ను మూసి, కుడి కంటితో కోసిన గడ్డిని నేలబారుగా చూస్తున్నాడు. నేను దిగి పక్కన కూర్చుని చూశాను. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా గడ్డి ఒకే ఎత్తులో ఉంది. ఆయన అరచెయ్యి దాని మీద ఆనించి, ఎడమ నుంచి కుడికి ఒకసారి నిమిరాడు. ఎందుకైనా మంచిదని నేనూ నిమిరాను.

కూతురు వచ్చి ఆ బారును ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి వచ్చింది. వచ్చి, సోమవారం షటర్ లేపుదామా అబ్బా అని అడిగింది. ఈసారి నేను ఉలిక్కిపడలేదు.

"అవ్," అన్నాడు చాచా. లేచి మోకాళ్లు దులుపుకుంటూ నా వైపు చెయ్యి చూపించాడు. "దాని కంటే ముందు ఈ సాబ్‌ను ఆ కంటి దవాఖానాకు తీస్కపోవాలె."

సోమవారం సాకు కోసం మిక్సీ పట్టుకుని సత్తుపల్లి వెళ్లాను. షటరు పైకెత్తి ఉంది. లోపల ఇద్దరు రైతులు పంపుసెట్టు చుట్టూ కూర్చుని ఉన్నారు, చాచా ఏదో వివరిస్తున్నాడు. నా మిక్సీని ఒక మూల పెట్టించి, వచ్చే వారం రమ్మన్నాడు. నేను వెళ్లబోతుంటే పిలిచి ఆ టేకు చెక్క ముక్క చేతిలో పెట్టాడు. తన దగ్గర ఇంకోటి ఉందట, నాకే అవసరం ఎక్కువట.

అది ఇప్పుడు మా కిటికీ గూట్లో ఉంటుంది. గడ్డి కోసే ముందు కత్తుల కింద దూర్చి చూసుకుంటాను, పైపు జోలికి పోను. ఒక్కటే నాకు ఇప్పటికీ అంతు చిక్కదు. గచ్చు వాలిందని నాకు తెలుసు, వాలించింది నేనే. అయినా రోజూ పొద్దున కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఎంత చూసినా, అది నా కంటికి సమంగానే ఉంటుంది.